‘నరం తెగింది’ – ఒక మాటపై విమర్శ

భాషలో కొన్ని మాటలు ఎంతో మేలు చేస్తాయి. కొన్ని మాటలు ఎవరికీ తెలియకుండానే కీడు చేస్తాయి. ‘నరం’ అనేది చాల పాత మాట, అందరి నోటా ఉన్న మాట. అది మేలు చేస్తున్నదా, కీడు చేస్తున్నదా అనే ప్రశ్న పైకి భాషావేత్తలకు సంబంధించినదిగా కనిపిస్తుంది. కాని చేతివ్రేలు తెగి ఆస్పత్రికి వచ్చిన మనిషికి ఆ ప్రశ్న మీదనే ఒక్కొక్కప్పుడు అతని వ్రేలు ఆధారపడి ఉంటుంది. కనుక ఆ మాటను, దానితోపాటు బడిపుస్తకాలలోను వైద్యగ్రంథాలలోను వాడే మరి రెండు మాటలను, కొంచెం శ్రద్ధగా విచారించవలసి ఉన్నది.

జహీరాబాదును ఉదాహరణగా తీసుకొందాం. సంగారెడ్డి జిల్లాలోని ఈ పట్టణం హైదరాబాదుకు పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దు దగ్గర ఉన్నది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు ఈ తాలూకా బీదరు జిల్లాలోనిది. అందువల్ల తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ ఇక్కడి బజారులో వినిపిస్తాయి. మరాఠీ మాట్లాడేవారూ ఉన్నారు. చుట్టుప్రక్కల చెరకు, అల్లం, జొన్న, కంది పండుతాయి. పట్టణం ప్రక్కన ట్రాక్టర్ల కర్మాగారం ఉన్నది. కొడవలి, చెరకు నరికే కత్తి, గడ్డి కత్తిరించే యంత్రం, ఇనుపరేకు – వీటన్నిటితోను చేతులు పనిచేసే ప్రాంతమిది. ఇటువంటి చోట వ్రేలు తెగినవానిని ‘ఏమైంది పెద్దాయనా?’ అని అడిగితే ‘నరం తెగింది సారూ’ అంటాడు. ఉర్దూ మాట్లాడేవాడు ‘నస్’ అంటాడు. కన్నడిగుడు ‘నర’ అంటాడు. మరాఠీవాడు ‘శీర్’ అంటాడు. నాలుగు భాషలలోను చిక్కు ఒక్కటే. ఆ ఒక్క మాటలో మూడు వేరువేరు వస్తువులు ఇమిడి ఉన్నవి. రక్తం పారే నాళమూ నరమే. స్పర్శను మెదడుకు చేర్చే నాడీ నరమే. కండరం లాగుడును ఎముకకు అందించే స్నాయుబంధనమూ నరమే.

ఈ మూడింటికీ గల భేదం తెలియాలంటే వ్రేలి నిర్మాణాన్ని పరిశీలించాలి. వ్రేలిని ముడిచే కండరం వ్రేలిలోనే ఉంటుందని చాలమంది అనుకొంటారు. వ్రేలిలో అటువంటి కండరం ఒక్కటీ లేదు. ముడిచే పెద్ద కండరాలు, చాచే పెద్ద కండరాలు ముంజేతిలో ఉన్నవి. కొన్ని చిన్న కండరాలు అరచేతిలో ఉన్నవి. ఎడమచేతితో కుడి ముంజేతిని పట్టుకొని కుడిచేతి వ్రేళ్లను ఆడించి చూస్తే ఆ కండరాలు కదలడం స్పష్టంగా తెలుస్తుంది. ముంజేతి కండరాల నుంచి తెల్లని, గట్టి, మెరిసే త్రాళ్ల వంటి బంధనాలు బయలుదేరి మణికట్టు దాటి వ్రేళ్ల ఎముకలకు అతుకుతాయి. ఇవే స్నాయుబంధనాలు. బొటనవ్రేలు కాక మిగిలిన నాలుగు వ్రేళ్లకూ ముడిచే బంధనాలు రెండేసి చొప్పున ఉన్నవి. పైబంధనం వ్రేలి నడిమి ఎముకకు అతుకుతుంది. లోతుబంధనం కొన ఎముకదాకా పోతుంది. లోతుగా ఉన్నది ముందుకు పోవాలంటే పైది దారి ఇవ్వాలి గదా! అందుకు పైబంధనం వ్రేలి మొదటి భాగంలో రెండుగా చీలుతుంది. ఆ చీలిక నడుమ నుంచి లోతుబంధనం సాగిపోతుంది. బొటనవ్రేలిని ముడిచే పొడుగు బంధనం ఒక్కటే. మొత్తం ఈ తొమ్మిది బంధనాలు, వాటితోపాటు ఒక పెద్ద నాడి, మణికట్టు దగ్గర ఒక ఇరుకైన సొరంగం గుండా అరచేతిలోకి వస్తాయి.

వ్రేలిలో ఈ బంధనాలు నునుపైన తొడుగులో జారుతూ ఉంటాయి. తొడుగును ఎముకకు అంటిపెట్టి ఉంచడానికి ఉంగరాల వంటి గట్టి పట్టీలు ఐదు, వాటి నడుమ సన్నని అడ్డపట్టీలు ఉన్నవి. బావి త్రాటికి గిలక ఎట్లాగో, బంధనానికి ఈ ఉంగరాలు అట్లాగు. ఇవి లేకపోతే వ్రేలు ముడిచినప్పుడల్లా బంధనం వింటినారి వలె ఎముకకు దూరంగా లేచిపోయి, లాగిన లాగుడు సగం వృథా అవుతుంది. ఇక వ్రేలికి రెండు ప్రక్కలా, అరచేతి వైపుకు దగ్గరగా, ఒక్కొక్క నాడి, ఒక్కొక్క రక్తనాళం పోతున్నవి. ఇంత సామగ్రి అంతా పెన్సిలు కంటె కొంచెం లావైన వ్రేలిలో చర్మానికి కొద్ది మిల్లీమీటర్ల లోపలనే ఉన్నది. కాబట్టి చిన్న కోత కూడ వీటిలో ఏదో ఒకదానిని తాకగలదు.

ఇప్పుడు మూడు సందర్భాలను పోల్చి చూద్దాం. రక్తనాళం తెగితే రక్తం చిమ్ముతుంది. చూడడానికి భయంకరంగా ఉంటుంది. కాని గుడ్డతో గట్టిగా నొక్కిపెడితే సాధారణంగా ఆగుతుంది. రెండవ ప్రక్క నాళం బాగుంటే వ్రేలికి రక్తం అందుతూనే ఉంటుంది. నాడి తెగితే ఆ ప్రక్కన వ్రేలికొనలో స్పర్శ పోతుంది; వ్రేలు మాత్రం మామూలుగా కదులుతుంది. బంధనం తెగితే స్పర్శ ఉంటుంది, రక్తం కూడ పెద్దగా రాకపోవచ్చును. ముడవబోతే వ్రేలు ముడుచుకోదు. మూడు గాయాలకు మూడు లక్షణాలు, మూడు చికిత్సలు. వీటన్నిటికీ పేరు మాత్రం ఒక్కటే కావడం వల్ల రోగి తన దృష్టిని రక్తం మీదనే పెడతాడు. రక్తం ఆగిందంటే ‘నరం’ బాగుపడిందనే అనుకొంటాడు.

ఈ మూడింటిలో ఎక్కువగా మోసగించేది బంధనం. అందుకు మూడు కారణాలున్నవి. మొదటిది, గాయం చిన్నది. రెండవది, రెండు బంధనాలలో ఒకటి తెగినా రెండవది పనిచేస్తుంది కనుక వ్రేలు కొంతవరకు ముడుచుకొంటూనే ఉంటుంది. లోతుబంధనం ఒక్కటే తెగితే వ్రేలి కొనకణుపు మాత్రమే వంగదు. నొప్పివల్ల వంగడం లేదని అందరూ అనుకొంటారు. మూడవది, సగం తెగిన బంధనం ఆ రోజు పనిచేసి, బరువెత్తిన మరొకనాడు పూర్తిగా తెగిపోవచ్చును. అంతేకాదు, పూర్తిగా తెగిన బంధనం తెగినచోటనే ఉండదు. దాని వెనుక ఉన్న కండరం దానిని లాగుకొంటుంది. తెగిన కొన అరచేతిలోకి, ఒక్కొక్కప్పుడు ఇంకా పైకి, జరిగిపోతుంది. పైన చర్మం చక్కగా మానుతుంది. లోపల ఖాళీ అయిన తొడుగు ముడుచుకొనిపోతుంది, కండరం కురచబడుతుంది. మొదటి కొద్ది రోజులలో రెండు కొనలను కలిపి కుట్టడం సాధ్యం. రెండు మూడు వారాలు దాటితే ఆ పని కష్టమవుతుంది. వేరొక చోటినుంచి బంధనం తెచ్చి అతకవలసి రావచ్చును. ఆలస్యమెక్కువై తొడుగు పూడిపోతే మొదట సిలికోను కడ్డీని పెట్టి, దాని చుట్టూ క్రొత్త తొడుగు ఏర్పడిన తరువాత, కొన్ని నెలలకు రెండవ శస్త్రచికిత్సలో బంధనం అతికే పద్ధతి ఉన్నది. అమెరికాలో హంటరు, సాలిస్బరీలు దీనిని 1971లో ప్రకటించినారు. మొదటి వారంలో ఒక్క శస్త్రచికిత్సతో తీరేది, ఆలస్యమైతే రెండింటితో కూడ పూర్తిగా తీరకపోవచ్చునన్నమాట. కూలిపని చేసుకొనే కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు.

ఐతే ఇందుకు ‘నరం’ అనే మాటను, దానిని వాడే పల్లెటూరివారిని తప్పుపట్టవచ్చునా? తొందరపడకూడదు. ఈ కలగాపులగం చదువురానివారు చేసినది కాదు. లోకంలోని గొప్ప పండితులే చేసినది. అరచేతి చర్మం క్రింద విసనకర్ర వలె పరచుకొన్న గట్టి పొరను నేటికీ వైద్యులు ‘ఎపోన్యూరోసిస్’ అంటారు. ఆ పేరులో నాడిని సూచించే ‘న్యూరాన్’ శబ్దమున్నది. ఆ పొర మాత్రం నాడి కాదు. ప్రాచీన గ్రీకులో ‘న్యూరాన్’ అంటే బంధనం, వింటినారి అనే అర్థాలుండేవి. లాటిను ‘నెర్వస్’ కూడ అట్టిదే. తమిళంలో ‘నరంబు’ అనే మాటకు నాడి, బంధనం అనే అర్థాలతోపాటు యాళ్ అనే వాద్యపు తంత్రి అనే అర్థమూ ఉన్నది. లాగి బిగించిన త్రాడు వంటిదల్లా ఒకే పేరు పొందినదని దీనివల్ల తెలుస్తున్నది. క్రీ. పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ శవాలను కోసి పరిశీలించి, స్పర్శను చలనాన్ని మోసే నాడులను వేరుగా గుర్తించినాడు. కాని పేరు మాత్రం పాతదే ఉండిపోయింది.

పేరు కలిసి ఉంటే భావం కూడ కలిసిపోతుంది. క్రీ. శ. 2వ శతాబ్దపు మహావైద్యుడు గేలెన్, పెర్గమం నగరంలో ఖడ్గయోధులకు చికిత్స చేసినవాడు, బంధనంలో నాడి తంతువులు కలిసి ఉంటాయని భావించినాడు. ఆ భావన ప్రకారం బంధనాన్ని సూదితో గుచ్చడం నాడిని గుచ్చడమే. దానివల్ల ఈడ్పులు వస్తాయని భయం. గేలెన్ గ్రంథాలను ప్రమాణంగా తీసుకొన్న యూరపు వైద్యులు శతాబ్దాల తరబడి తెగిన బంధనాన్ని కుట్టడానికి జంకినారు. ఇబ్న్ సీనా (980–1037) బంధనాన్ని కుట్టవచ్చునని చెప్పినా ఆ భయం తొలగిపోలేదు. చివరకు 1752లో అల్బ్రెక్ట్ ఫాన్ హాలర్ గోటింగెన్‌లో జంతువులపై చేసిన ప్రయోగాల ఫలితాలను వెల్లడించినాడు. బంధనాలను గుచ్చినా కోసినా వాటికి బాధ లేదని ఆయన చూపినాడు. ఒక మాటలోని గందరగోళం ఎన్ని తరాల చేతులను వంకరగా మిగిల్చిందో లెక్కించడం సాధ్యం కాదు.

మన పూర్వుల విషయం కూడ పరిశీలించవలసినదే. సుశ్రుత సంహితలోని శారీరస్థానం స్నాయువులను సిరలనుంచి వేరుచేసి చెప్పింది. పలకలను త్రాళ్లతో బిగించి కట్టిన ఓడ భారాన్ని మోసినట్లు, స్నాయువులతో కట్టబడిన దేహం భారాన్ని మోస్తుందని అందులో పోలిక ఉన్నది. ఎముక, కండరం, సిర, కీలు దెబ్బతిన్నదానికంటె స్నాయువు దెబ్బతింటే ఎక్కువ హాని అని కూడ ఉన్నది. స్నాయువులు 900 అన్న లెక్క నేటి శరీరశాస్త్రంతో సరిపోదు. ఎముకను ఎముకకు కట్టేవాటిని, కండరాన్ని ఎముకకు కట్టేవాటిని ఆ గ్రంథం ఒకే రాశిలో వేసింది. ఈ లోపాలున్నా, రక్తాన్ని మోసేది వేరు, కట్టి ఉంచేది వేరు అనే వివేకం అందులో స్పష్టంగా ఉన్నది. ఆ వివేకం వాడుకభాషలోకి దిగలేదు.

ఇక బడిపుస్తకాల సంగతి. ఉన్నత పాఠశాలలో కణజాలాల పాఠం చదివినవారందరికీ రెండు వాక్యాలు కంఠతా వస్తాయి: స్నాయుబంధనం కండరాన్ని ఎముకకు కలుపుతుంది, సంధిబంధనం ఎముకను ఎముకకు కలుపుతుంది. ఇవి సరియైన నిర్వచనాలే. విమర్శించవలసిన విషయమేమంటే, స్నాయుబంధనం అని పరీక్షలో వ్రాసిన విద్యార్థికి, ఇంట్లో తాత ‘నరం’ అన్నది ఇదేనని ఎవరూ చెప్పరు. రెండు మాటలు రెండు గదులలో ఉండిపోతాయి. ఒకటి పరీక్షకు, ఒకటి బ్రతుకుకు. పైగా ‘స్నాయు’ శబ్దమే ఒక్కొక్క భాషలో ఒక్కొక్క రూపు దాల్చింది. కన్నడంలోను మరాఠీలోను స్నాయువంటే కండరం, బంగాళీలో నాడి. జహీరాబాదులో తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడు బీదరులో చదివిన తన బంధువుతో ఈ పాఠం మాట్లాడితే, ఒకే మాటతో ఇద్దరూ రెండు వస్తువులను తలుస్తారు. పరిభాషను సంస్కృతం నుంచి తెచ్చుకొన్నంత మాత్రాన స్పష్టత దానంతట అది రాదని ఇది హెచ్చరిస్తున్నది.

దీనికి కొందరు, ‘జనం చేత నరం అనే మాటను మానిపించి స్నాయుబంధనం అనిపించాలి’ అంటారు. అది జరిగే పని కాదు, అవసరమూ లేదు. వెయ్యేండ్ల మాట ఒక పాఠంతో పోదు. మాటను ఉండనిచ్చి, దాని వెంట ఒక ప్రశ్నను అలవాటు చేయాలి: ‘ఏ నరం?’ లాగే నరమా, తెలిపే నరమా, పారే నరమా? త్రాడా, తీగా, గొట్టమా? ఈ మూడు పోలికలు నాలుగవ తరగతి పిల్లవానికి కూడ అర్థమవుతాయి. వీటికీ పరిమితులున్నవని ఉపాధ్యాయుడు వెంటనే చెప్పాలి. విద్యుత్తు తీగ తెగినచోట కలిపితే దీపం అప్పుడే వెలుగుతుంది. నాడి అట్లా కాదు. కుట్టిన తరువాత దాని తంతువులు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ పోవాలి. అరచేతిలో తెగిన నాడి వల్ల పోయిన స్పర్శ వ్రేలికొనకు తిరిగి చేరడానికి నెలలు పడుతుంది. అట్లాగే త్రాడు ముడివేయగానే గట్టిగా ఉంటుంది. కుట్టిన బంధనం మాత్రం మొదటి మూడు వారాలు చాల బలహీనంగా ఉంటుంది. పోలిక ఆలోచనకు మొదటి మెట్టు మాత్రమే.

పామరుల మాట హాని చేసినట్లే, నిపుణుల మాట కూడ హాని చేయగలదు. ఇందుకు 20వ శతాబ్దపు హస్త శస్త్రవైద్యమే సాక్ష్యం. అరచేతి చివరి గీత నుంచి వ్రేలి నడిమి కణుపు దాటేవరకు గల భాగంలో రెండు బంధనాలు ఒకే ఇరుకు తొడుగులో ఉంటాయి. అక్కడ తెగిన బంధనాన్ని కుడితే అది తొడుగుకు అతుక్కొనిపోయి వ్రేలు కదలకుండా పోయేది. అమెరికన్ వైద్యుడు స్టెర్లింగ్ బన్నెల్ (1882–1957) ఈ భాగానికి ‘నో మాన్స్ లాండ్’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చినాడు. యుద్ధరంగంలో రెండు సైన్యాల కందకాల నడుమ ఎవరికీ చెందని నేలకు ఆ పేరు. అక్కడ తెగితే చర్మాన్ని మాత్రం కుట్టి, తరువాత వేరొక బంధనం అతకాలని ఆయన బోధ. 1944లో వెలువడిన ఆయన గ్రంథం ఆ శాస్త్రానికే పునాది గ్రంథమైంది. సన్నని దారాలు, మంచి సూదులు, పెనిసిలిన్ వంటి మందులు అందరికీ అందుబాటులో లేని రోజులలో ఆ బోధ వివేకవంతమైనదే. తప్పు ఎక్కడ వచ్చిందంటే, ఆ కాలపు పనితనానికి చెందిన హద్దును తరువాతివారు ప్రకృతి గీసిన హద్దుగా భావించినారు. కుట్టరాదన్నది సూత్రమైంది, ఎందుకు కుట్టరాదన్నది మరుగునపడింది.

ఆ సూత్రాన్ని ప్రశ్నించినవారున్నారు. స్విట్జర్లాండులో క్లాడ్ వెర్డాన్ 1960లో, ఆ భాగంలోనే వెంటనే కుట్టి పొందిన ఫలితాలను ప్రకటించినాడు. 1967లో అమెరికాలోని లూయీవిల్ నగరానికి చెందిన హెరాల్డ్ క్లైనర్ట్, ఆయన సహచరులు మంచి ఫలితాలు వచ్చినవని వైద్యసభలో చెప్పగా చాలమంది సందేహించినారు. వారి పద్ధతిలో కుట్టు ఎంత ముఖ్యమో, కుట్టు తరువాతి కదలిక అంత ముఖ్యం. గోటికి ఒక రబ్బరు పట్టీని తగిలించి మణికట్టు వైపు కట్టినారు. రోగి వ్రేలిని చాస్తాడు. ముడిచే పనిని రబ్బరు చేస్తుంది. కుట్టిన బంధనంపై బరువు పడదు, కాని అది జారుతూనే ఉంటుంది. 1975లో డురాన్, హౌజరులు ఇంకొక మెట్టు ముందుకు వేసినారు. బంధనం 3 నుంచి 5 మిల్లీమీటర్లు కదిలితే చాలు, అది తొడుగుకు అతుక్కోకుండా ఉంటుందని వారు చెప్పినారు. ఎవరికీ చెందని నేల ఈ విధంగా సాగులోకి వచ్చింది.

ఇందులో సామాన్యులకు ముఖ్యమైన పాఠమొకటి ఉన్నది. ‘కట్టు కట్టినారు, ఇక చేయి కదపవద్దు’ అనే సలహా ఎముక విరిగినప్పటి అలవాటునుంచి వచ్చింది. బంధనానికి అది సగమే సత్యం. అసలు కదపకపోతే బంధనం అతుక్కొంటుంది. ఇష్టం వచ్చినట్లు కదిపితే కుట్టు తెగుతుంది. ఎంత, ఎట్లా, ఎన్నిసార్లు కదపాలన్నది వ్యాయామ చికిత్సకుడు చెప్పినట్లు చేయాలి. పూర్తి బరువు పని చేయడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. దినకూలి మీద బ్రతికేవానికి ఈ మూడు నెలలే అసలు పరీక్ష. శస్త్రచికిత్స ఒక్క పూటలో ముగుస్తుంది. దాని ఫలితం తరువాతి వారాలలో, వంద కిలోమీటర్ల ప్రయాణపు ఖర్చులో, ఇంటివారి ఓర్పులో తేలుతుంది.

‘ఏ నరం?’ అనే ప్రశ్న విలువ కుష్ఠువ్యాధి చరిత్రలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో డాక్టరు ఇసబెల్ కెర్ ప్రారంభించిన కుష్ఠు ఆస్పత్రి తెలంగాణంలో ప్రసిద్ధమైనది. ఆనాటి కుష్ఠు రోగులలో చాలమంది వ్రేళ్లు గద్దగోళ్ల వలె వంగిపోయి ఉండేవి. వ్యాధి మాంసాన్నే తినివేస్తున్నదని లోకమంతా నమ్మింది. అట్టి మాంసాన్ని కోసి కుట్టినా మానదని వైద్యులు కూడ నమ్మినారు. ఆంధ్ర సరిహద్దుకు సమీపంలోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు ఈ చేతులను శ్రద్ధగా పరీక్షించినాడు. అక్కడ త్రాళ్లు తెగలేదు, తీగలు చెడినవి. మోచేతి దగ్గరి నాడి దెబ్బతిని అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడినవి; ముంజేతిలోని పెద్ద కండరాలు చాలవరకు బలంగానే ఉన్నవి. చిన్న కండరాల అదుపు లేక పెద్దవి లాగడం వల్లనే వ్రేళ్లు వంకరపోతున్నవి. 1948లో ఆయన ఒక ఆరోగ్యమైన బంధనాన్ని దాని చోటునుంచి తప్పించి, చచ్చుబడిన కండరాల పని చేసేటట్లు అమర్చినాడు. వ్రేళ్లు తెరుచుకొన్నవి, కుట్లు మానినవి. వ్రేళ్లు కురచబడడానికి కారణం మాంసం కుళ్లడం కాదనీ, నొప్పి తెలియక కాలిన గాయాలను, నలిగిన గాయాలను పట్టించుకోకపోవడమనీ ఆయన తేల్చినాడు. ‘నరాలు చచ్చినవి’ అని ఊరుకొన్నంతకాలం ఆ చేతులకు దారి లేదు. ఏవి చచ్చినవి, ఏవి బ్రతికి ఉన్నవి అని అడిగిన నాడు దారి కనిపించింది. నేడు కుష్ఠువు మందులతో నయమయ్యే వ్యాధి. తొలి దశలోనే గుర్తిస్తే చేతికి ఈ అవస్థ రానవసరం లేదు.

కోత లేకుండా వచ్చే బాధలను కూడ ‘నరం పట్టింది’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం చూస్తాము. వ్రేలు ముడిచిన తరువాత చిక్కుకొనిపోయి, టక్కుమని తెరుచుకొంటే అది త్రాటి జబ్బు. లావెక్కిన బంధనం మొదటి ఉంగరం దగ్గర ఇరుక్కొంటున్నది. మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువ. రాత్రివేళ బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కి నిద్రలేపితే అది తీగ జబ్బు; మణికట్టు సొరంగంలో తొమ్మిది బంధనాల నడుమ నాడి నలుగుతున్నది. బంతి వ్రేలికొనకు తగిలి, ఆ కొన వాలిపోయి తానుగా లేవకపోతే, చాచే బంధనం తెగిందన్నమాట. దానికి చాలసార్లు కత్తి అక్కరలేదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు కొనను ఎడతెగకుండా నిటారుగా ఉంచే చిన్న బద్ద చాలు. కబడ్డీలో ఎదుటివాని చొక్కా పట్టుకొన్నప్పుడు కొన కణుపు వంగకుండా పోతే, లోతుబంధనం ఎముకనుంచి ఊడివచ్చి ఉండవచ్చును. దీనికి మాత్రం త్వరగా శస్త్రచికిత్స కావాలి. నాలుగింటికీ నూనెరాసి మర్దన చేసే ఆచారం ఒక్కటే. మొదటి రెండింటిలో దానివల్ల కాలం మాత్రమే వృథా అవుతుంది; చివరిదానిలో వ్రేలే పోతుంది.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని ఖర్చులేని పరీక్షలతో బోధించవచ్చును. అరచేతిని బల్లమీద వెల్లకిలా పెట్టి, ఒక వ్రేలి నడిమి భాగాన్ని నొక్కిపట్టి, కొనను మాత్రం వంచమనాలి. అది లోతుబంధనం పని. మిగిలిన వ్రేళ్లన్నిటినీ చాచి పట్టుకొని, ఒక్క వ్రేలిని వంచమనాలి; నడిమి కణుపు వంగితే అది పైబంధనం పని. కొందరికి చిటికెనవ్రేలిలో ఇది సరిగా రాదు. అది జబ్బు కాదు. కళ్లు మూయించి వ్రేలికొన రెండు ప్రక్కలా దూదితో తాకితే నాడి సంగతి తెలుస్తుంది. గోరును నొక్కి వదిలితే తెలుపు పోయి ఎరుపు తిరిగి రావడం రక్తప్రసారాన్ని చూపుతుంది. చేతిని వదులుగా వ్రేలాడవేసి మణికట్టును వెనుకకు వంచితే వ్రేళ్లు తామే ముడుచుకొంటాయి. ముందుకు వంచితే తామే తెరుచుకొంటాయి. బంధనాలు ముంజేతి నుంచి వస్తున్నవనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం లేదు. అట్టముక్కతో చేసిన చేతికి కాగితపు గొట్టాలు అంటించి దారం దూర్చి లాగితే వ్రేళ్లు వంగుతాయి. ఒక గొట్టాన్ని తీసివేసి మళ్లీ లాగితే, ఉంగరం లేని వ్రేలికి ఏమవుతుందో పిల్లలు తామే చెబుతారు.

ఈ పరీక్షలు బాగున్న చేతుల మీద నేర్చుకోవలసినవి. తెగిన చేతిని బడిలో కదిలించి చూడరాదు. గాయంలో వ్రేలు పెట్టి వెదకరాదు. పసుపు, సున్నం, కాఫీపొడి పూయరాదు. శుభ్రమైన గుడ్డతో నొక్కి కట్టి, చేతిని గుండెకంటె ఎత్తుగా పట్టి, ఉంగరాలుంటే వాపు రాకముందే తీసి, ఆనాడే ఆస్పత్రికి తీసుకొనిపోవాలి. వ్రేలు పూర్తిగా ఊడివస్తే దానిని తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచునీటిలో ఉంచాలి; మంచుగడ్డ నేరుగా తగలరాదు. కుట్లు వేయకముందు రోగి గాని, వెంట వచ్చినవారు గాని, ‘వ్రేలు వంగుతున్నదా, స్పర్శ ఉన్నదా చూడండి సారూ’ అని అడగడంలో అవిధేయత ఏమీ లేదు. రద్దీలో ఉన్న వైద్యునికి అది సహాయమే.

కనుక ‘నరం’ అనే మాటపై తీర్పు ఇది. మాట తప్పు కాదు. దానితోనే ఆగిపోవడం తప్పు. గేలెన్ వంటి మహావైద్యునికి తప్పని పొరపాటును చెరకు కోసే కూలీ చేస్తే నవ్వవలసిన పని లేదు. ఐతే గేలెన్‌కు లేని సదుపాయం నేడు ప్రతి ఉన్నత పాఠశాలకూ ఉన్నది. జహీరాబాదులో గాని, మరెక్కడ గాని, తొమ్మిదవ తరగతి చదివే ఒక అమ్మాయి ఇంట్లో ఎవరికైనా చేయి తెగినప్పుడు ‘ఏ నరం?’ అని అడిగి, కొనకణుపు వంగడం లేదని గమనించి, రేపు కాదు ఈ రోజే పోదామని పట్టుపడితే, కణజాలాల పాఠం ఆ ఇంటికి అక్కరకు వచ్చినట్లే.